గట్టు మీది రంధ్రాల్లో నీలిచారల తేనెటీగలు: ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎర్రచలకలో వంగ, టమాటా వేసే రైతు అడిగారు. పొలం దక్షిణపు గట్టు మీద, పశువుల కొట్టం పాత మట్టిగోడలో పెన్సిలు లావు రంధ్రాలున్నాయి. నల్లటి ఒంటి మీద నీలి చారలున్న ఈగలు, పచ్చగా మెరిసే చారలున్న ఇంకో రకం ఈగలు వాటిలోకి వచ్చిపోతున్నాయి. ఏటికేడాది తగ్గిపోతున్నాయి. గట్టు చదును చేసి ట్రాక్టరు దారి వేద్దామని, గోడకు సిమెంటు పూయిద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. వీటిని ఉంచితే లాభమేమిటి, ఉంచాలంటే ఏం చేయాలి, ఆన్‌లైన్‌లో అమ్మే వెదురు గొట్టాల ‘బీ హోటల్’ పెడితే సరిపోతుందా?

ఉంచండి. సిమెంటు పని ఆపండి, దారి పని పక్కకు జరపండి. హోటల్ ఈ ఈగలకు దండగ. వెదురు గొట్టాల్లోకి ఆకులు కత్తిరించే మెగాకైలీ రకాలు వస్తాయి. కంది పూతకు అవి మంచివే, కాబట్టి కంది వేసేవాళ్ళు పెట్టుకోవచ్చు. మీరు చూసినవి మాత్రం మట్టి తవ్వుకుని గూడు పెట్టే జాతులు, వెదురు వంక చూడవు. ప్రపంచంలో తేనెటీగ జాతులు సుమారు 20,000 ఉంటే వాటిలో నూటికి 70కి పైగా నేలలోనే గూడు పెడతాయి. హోటళ్ళన్నీ మిగతా కొద్దిపాటి వాటి కోసం తయారైనవి.

మీరు చెప్పిన ఆనవాళ్ళను బట్టి నీలి చారలది అమెజిల్లా. సెంటీమీటరు పైచిలుకు పొడవు, పువ్వు ముందు గాలిలో నిలబడి చటుక్కున పక్కకు దూకుతుంది, మోత ఎక్కువ. పచ్చ మెరుపు చారలది నోమియా వర్గంలోని హోప్లోనోమియా అయి ఉండాలి. రెండూ ఒంటరి ఈగలే. రాణి, కూలి ఈగలు, పట్టు, తేనె నిల్వ ఏవీ ఉండవు. ప్రతి ఆడ ఈగా తన గూడు తానే తవ్వుకుని, తన పిల్లలకు మేత తానే కూర్చి, కొన్ని వారాల్లో చచ్చిపోతుంది. పక్కపక్కనే వంద రంధ్రాలున్నా అవి వంద వేరు కాపురాలు. కాబట్టి గూటి కోసం గుంపుగా మీద పడటం వీటికి తెలియదు. చేత్తో పట్టి నొక్కితే ఆడది కుడుతుంది, మగదానికి కొండే లేదు. పిల్లలు తిరిగే చోట ఉన్నా భయం అక్కర్లేదు.

రంధ్రాలన్నీ వీటివే అనుకోకండి. తేనెటీగ గూటి నోరు గుండ్రంగా, పెన్సిలు అంత లావుతో ఉంటుంది. నేల మీదైతే చుట్టూ గానీ ఒక పక్కన గానీ తవ్విపోసిన పొడిమట్టి చిన్న కుప్పగా కనిపిస్తుంది. మట్టి ఏమీ లేకుండా నున్నగా, నిటారుగా ఉన్న రంధ్రం టైగర్ బీటిల్ పిల్లపురుగుది కావచ్చు. నోటి దగ్గర సాలీడు పట్టు అల్లి ఉంటే అది తోడేలు సాలీడు. మిడతనో గొంగళినో మోసుకొచ్చి లోపలికి లాగేది సన్ననడుము కందిరీగ. తేల్చుకోవడానికి పొద్దున 8 నుంచి 11 లోపు ఎండ పడిన రోజున 20 నిమిషాలు అక్కడ కూర్చోండి. వెనక కాళ్ళకు పసుప్పచ్చ పుప్పొడితో వచ్చి తడుముకోకుండా లోపలికి దూరిందంటే తేనెటీగే.

ఇక లాభం సంగతి. వంగ, టమాటా పూలలో పుప్పొడి బయట రాలి ఉండదు. వంగ కేసరాల కొసన రెండు సన్నటి రంధ్రాలుంటాయి, పుప్పొడి ఆ సందు నుంచే బయటికి రావాలి. అమెజిల్లా, హోప్లోనోమియా కేసరాలను పట్టుకుని రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలను వణికిస్తాయి. ఆ వణుకుకు పుప్పొడి చిమ్ముకొస్తుంది. పువ్వు మీద వాలినప్పుడు మోత ఒక్కసారిగా సన్నబడి కీచుమంటుంది, గమనించండి. పెద్ద నల్ల తుమ్మెదలు కూడా ఈ పని చేస్తాయి. పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఇది చేతకాదు, అందుకే వంగ తోటలో తేనెపెట్టెలు పెట్టి ఫలితం లేదని చాలామంది విసుక్కుంటారు. టమాటా గాలికి కొంత తనంతట తాను కడుతుంది గానీ వణికిస్తే గింజ ఎక్కువ, కాయ బరువెక్కువ. ఆస్ట్రేలియాలో అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్ళు గ్రీన్‌హౌస్ టమాటాలో అక్కడి అమెజిల్లా జాతిని వదిలి ఇదే నిర్ధారించుకున్నారు. మీ తోటలో పని జరుగుతోందో లేదో తెలియాలంటే విప్పారిన టమాటా పూల కేసరాల గొట్టం చూడండి. దాని మీద గోధుమరంగు చిన్న గాట్లుంటే అవి ఈగ దవడలతో పట్టుకున్న గుర్తులు. ఒక్క సూచన: వంగలో కీలం పొట్టిగా ఉండే పూలు ఎటూ కాయ కట్టవు, అవి రాలితే ఈగల లోపమని లెక్క కట్టకండి.

అసలు విషయం మట్టి కింద ఉంది. ఆడ ఈగ బెత్తెడు నుంచి మూరెడు లోతు లోపు సొరంగం తవ్వి, చివర చింతగింజంత గదులు చేస్తుంది. గది గోడలకు తన ఒంట్లోంచి వచ్చే మైనంలాంటి పూత పూస్తుంది, తేమ లోపలికి రాకుండా. అందులో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒకే ఒక గుడ్డు పెట్టి, మూత వేసేస్తుంది. రోజుకు ఒక గది పూర్తయితే గొప్ప. జీవితకాలంలో ఒక్కో ఆడది పెంచే పిల్లలు పదీ ఇరవై మించవు. పెట్టెలో తేనెటీగ రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు, దెబ్బ తిన్నా కోలుకుంటుంది. ఒంటరి ఈగకు ఆ వెసులుబాటు లేదు. పిల్లపురుగు ముద్ద తినేసి, ఎదిగి, అదును వచ్చేదాకా ఆ గదిలోనే కదలకుండా పడి ఉంటుంది. రెక్కలతో తిరిగేది కొన్ని వారాలే, మిగిలిన బతుకంతా మట్టిలోనే. గట్టు మీద ఈగ కనిపించని నెలల్లో కూడా గట్టు నిండుగానే ఉంటుందన్నమాట. “ఇప్పుడు ఈగలు లేవు కదా, చదును చేసేద్దాం” అన్న మాట వల్లే ఎక్కువ గూళ్ళు పోతాయి.

ఎందుకు తగ్గుతున్నాయంటే, మొదటిది దున్నడం. రోటవేటరు 10 నుంచి 15 సెంటీమీటర్లు, రెక్కనాగలి 20 దాటి మట్టిని తిరగేస్తుంది, గదులుండేది సరిగ్గా ఆ లోతుల్లోనే. వేసవి దుక్కి పురుగుల కోశస్థ దశల్ని చంపుతుందని చెప్పేది నిజమే, కానీ ఆ నాగలికి మంచి ఈగ, చెడ్డ పురుగు తేడా తెలియదు. రెండోది మల్చింగ్ షీటు. మదనపల్లె వైపు టమాటాలో, ఇతర చోట్ల పుచ్చ, మిరపలో సాలంతా ప్లాస్టిక్ పరిస్తే ఈగకు మట్టే దొరకదు. నీటి ఆదా, కలుపు లెక్క చూస్తే షీటు మానమని చెప్పలేను, అందుకే షీటు లేని గట్టు విలువ ఇంకా పెరుగుతుంది. మూడోది మట్టిగోడలు పోయి సిమెంటు రావడం. అమెజిల్లా ఇష్టంగా గూడు పెట్టేది వాగు ఒడ్డుల్లో, మట్టిగోడల్లో. ఊళ్ళో గోడలన్నీ సిమెంటైపోయి, వాగు ఒడ్డు ఇసుక, మట్టి తవ్వకాలకు పోతే మిగిలింది మీ కొట్టం గోడ లాంటివే. నాలుగోది నేలలో పోసే పురుగుమందు, దాని గురించి కింద వివరంగా చెప్తాను. ఇక వయ్యారిభామ. అది కమ్మేసిన గట్టు మీద వేళ్ళ వలలో ఈగ తవ్వుకోలేదు, నేలకు ఎండా తగలదు.

గట్టు మీద ఎండుగడ్డి తగలబెట్టడం వీటికి ప్రధాన ముప్పని కొందరు రాస్తుంటారు. గడ్డి మంట వేడి పది సెంటీమీటర్ల కిందికి పెద్దగా దిగదు, లోతు గూళ్ళు చాలావరకు తప్పించుకుంటాయి. అయినా తగలబెట్టకండి. గట్టు మీది పూలమొక్కలు పోతాయి. మగ ఈగలు రాత్రి గూటిలో పడుకోవు, గడ్డి పుల్లల్ని దవడలతో పట్టుకుని వేలాడుతూ నిద్రపోతాయి, అవీ పోతాయి.

2014లో ఐరోపా తేనెటీగల రెడ్ లిస్ట్, అంటే ఏ జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయో చెప్పే జాబితా, వెలువడింది. 1,965 జాతులు చూస్తే 9.2 శాతం ముప్పులో ఉన్నాయని తేలింది, 56.7 శాతానికి నిర్ణయం చేయడానికి సరిపడా సమాచారమే లేదు. అంత కాలంగా కీటకాల్ని లెక్కపెడుతున్న దేశాల అప్పటి పరిస్థితి అది. మన ఒంటరి ఈగలకు ఆపాటి లెక్క కూడా లేదు, అందువల్ల జాబితాలో పేరు వచ్చాక కాపాడదామంటే కుదరదు.

కాపాడితే ఎంత పెరుగుతాయో చూడాలంటే అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు టూషీ లోయ చూడాలి. అక్కడ లూసర్న్ అనే పశుగ్రాసపు పంట విత్తనం పండిస్తారు. ఆ పూతకు ఆధారం నోమియా మెలాండెరి అనే చౌడునేల తేనెటీగ, మీ పచ్చ చారల ఈగకు దగ్గరి చుట్టం. వానలకు, పురుగుమందులకు అవి చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయినా, ఆ లోయ రైతులు పొలాల మధ్య వాటికంటూ నేల వదిలి, దున్నకుండా, అడుగు నుంచి తడి అందిస్తూ, పైన ఉప్పు చల్లి కలుపు రాకుండా, మందులు రాత్రిపూటే కొడుతూ కాపాడుకున్నారు. 1999 నుంచి 2006 మధ్య 24 గూటి నేలల్లో ఈగల సంఖ్య తొమ్మిదింతలై, ఆడ ఈగలే సుమారు 1.7 కోట్లకు చేరాయి. ఈగల కాలంలో గూటి నేలల పక్క రోడ్ల మీద వాహనాలు గంటకు 20 మైళ్ళు మించకూడదని బోర్డులుంటాయి. అది చూసి మీ గట్టు మీద ఉప్పు మాత్రం చల్లకండి. అది ఆ ఒక్క జాతి అలవాటుకు, చౌడునేలకు సరిపడే పద్ధతి. ఎర్రచలకలో చల్లితే పక్క సాళ్ళ వంగ దెబ్బతింటుంది, అమెజిల్లాకు ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు పని. ఉన్న గూటి నేలను అలాగే వదలడం కొత్తది కట్టడం కన్నా వందరెట్లు మేలు. గట్టు మీద రంధ్రాలు గుంపుగా ఉన్న చోటికి అటూ ఇటూ రెండేసి మీటర్లు కలిపి రాళ్ళు పాతి గుర్తు పెట్టండి. ఆ ముక్కలో పార, గునపం, నాగలి దిగకూడదు. ఏటా గట్లు చెక్కే అలవాటుంటే ఆ ముక్కను వదిలి మిగతాది చెక్కుకోండి. కలుపును పీకకండి, వేరుతో పాటు గదులూ పైకొస్తాయి. కొడవలితో నేల మట్టానికి కోయండి. వయ్యారిభామను పూతకు ముందే కోయాలి, రెండు మూడు సార్లు కోయాల్సి వస్తుంది. గరిక పాకుతుంటే ఆ ముక్క అంచున జానెడు లోతు సన్నటి గాడి తీసి ఏటా ఒకసారి వేళ్ళు నరుకుతూ ఉండండి, లోపలికి తవ్వుకుంటూ పోవద్దు. నేల మొత్తం నున్నగా ఉండాల్సిన పనిలేదు. సగానికి పైగా ఖాళీ మట్టి, మధ్య మధ్య గడ్డి దుబ్బులు ఉంటే చాలు. దుబ్బు పక్కనే తవ్వుకోవడం చాలా ఈగలకు ఇష్టం.

ఈగల గూళ్ళ కోసం కొత్తగా మట్టిదిబ్బ వేయాలనుకుంటే పాత గూళ్ళకు 50 మీటర్ల లోపు వేయండి. ఎక్కువ ఒంటరి ఈగలు మేతకు కొన్ని వందల మీటర్లు దాటవు, పుట్టిన చోటి దగ్గరే మళ్ళీ గూడు పెడతాయి. కిలోమీటరు అవతల దిబ్బ వేసి ఎదురుచూస్తే ఏళ్ళు గడుస్తాయి. స్థలానికి పొద్దుటి ఎండ తగలాలి, వాలు తూర్పుకో దక్షిణానికో ఉండాలి, వాన నీళ్ళు నిలవకూడదు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు, అర మీటరు ఎత్తు చాలు. పక్కలు వాలుగా ఉంటాయి కాబట్టి ఒక ట్రాక్టరు ట్రక్కు మట్టితో అయిపోతుంది.

మట్టి ఎలాంటిదో ముందే పరీక్షించండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు సర్ఫు వేసి బాగా కుదిపి కదపకుండా పెట్టండి. నిమిషంలో అడుగుకు దిగేది ఇసుక, రెండు గంటల్లో దిగేది ఒండ్రు, మరుసటి రోజుకు పైన పేరుకునేది బంక. ఇసుక సగానికి పైగా ఉండి, బంక ఐదో వంతు దాటకపోతే మంచిది. సీసా లేకపోతే తడిమట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బనులా సాగదీయండి. రెండు మూడు సెంటీమీటర్లకు తెగితే సరైన మట్టి. ఐదు సెంటీమీటర్లు సాగితే బంక ఎక్కువ, మూడు పాళ్ళకు ఒక పాలు ముతక ఇసుక కలపండి. అసలు సాగకుండా రాలిపోతే సొరంగం కూలుతుంది, ఎర్రమట్టి కలపండి. రేగడిలో ఉన్నవాళ్ళకు దిబ్బ తప్పనిసరి. రేగడి ఎండకు నెర్రెలిచ్చి గదుల్ని చీలుస్తుంది, వానకు ఉబ్బి మూసేస్తుంది.

మట్టిని ఒకేసారి గుమ్మరించకండి. జానెడు మందం పరిచి, కొద్దిగా తడిపి, దిమ్మిసతో కొట్టి, దాని మీద ఇంకో పొర వేయాలి. వదులు దిబ్బలో ఈగ సొరంగం నిలవదు, మొదటి పెద్ద వానకే దిబ్బ జారిపోతుంది. పెంట ఎరువు, కంపోస్టు, కొబ్బరి పొట్టు ఏవీ కలపొద్దు. సారవంతం చేస్తే కలుపు కమ్ముతుంది, పేడపురుగుల పిల్లలు, చెదలు చేరతాయి. పైన నాలుగైదు పిడికెడంత రాళ్ళు అక్కడక్కడా సగం పాతండి, రాయి అంచున మట్టి గట్టిగా ఉండి తవ్వడానికి పట్టు దొరుకుతుంది. వేసవి చివర వేస్తే వానాకాలానికి కుదురుకుంటుంది. మొదటి ఏడు ఒక్క ఈగా రాకపోవచ్చు. అందుకని తవ్వి సరిచేయడం మొదలుపెట్టారంటే, వచ్చిన ఒకటీ అరా కూడా పోతాయి.

మట్టిగోడ సంగతి వేరు. ఆ రంధ్రాలు సాధారణంగా బెత్తెడు లోతే, గోడను పడగొట్టేది వాన నీళ్ళు. చూరు రెండడుగులు ముందుకు వేస్తే గోడా నిలుస్తుంది, ఈగా నిలుస్తుంది. అడుగు భాగం కరిగిపోతుంటే అంతవరకు మట్టితోనే మెత్తండి, ఈగలున్న పై భాగం వదిలేయండి. ఎలాగూ కూల్చాల్సిన గోడైతే ముందుగానే పచ్చి ఇటుకల గూడు కట్టాలి. బట్టీకి వెళ్ళని తొమ్మిదంగుళాల ఇటుక చాలు, లేకపోతే అచ్చులో మీరే పోసుకోవచ్చు: ఒక పాలు బంకమట్టి, మూడు పాళ్ళు సన్న ఇసుక కలిసిన ఎర్రమట్టి. సిమెంటు, సున్నం అసలు వద్దు. పచ్చిగా ఉండగానే చిన్న ముఖం మీద పెన్సిలుతో రెండు గుంటలు, 8 మిల్లీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల లోతు పెట్టండి. అది ఈగకు దారి చూపడానికే, మిగతాది అదే తవ్వుకుంటుంది. వారం పదిరోజులు నీడన ఆరాక గోటితో గీకండి. పొడి రాలాలి. ఉలి కావాల్సి వస్తే బంక ఎక్కువైంది, బొటనవేలితో నొక్కితే చితికిపోతే ఇసుక ఎక్కువైంది. బీటలిచ్చినవి పక్కన పడేయండి, పరాన్నజీవులకు ఆ చీలికలే తలుపులు. ఇటుకల్ని గుంటలున్న ముఖం బయటికి వచ్చేలా, పొడవు లోపలికి పోయేలా, మట్టితోనే అతుకుతూ నడుమెత్తు అరుగు మీద పేర్చండి. మీద రేకు, ముందుకు అడుగు చూరు, ముఖం తూర్పుకు. పాత గోడకు ఆనుకునే ఉండాలి. కొత్త ఇటుకల్లో ఈగలు గూడు పెట్టడం మొదలై, పాత గోడలోంచి ఒక పూర్తి ఏడాది ఈగలు బయటికి వచ్చాకే గోడ జోలికి వెళ్ళండి.

పూల విషయంలో ఒక మెలిక ఉంది. వంగ, టమాటా పువ్వుల్లో మకరందం లేదు, పుప్పొడి మాత్రమే. తంగేడూ అంతే. ఎగరడానికి ఇంధనం, పిల్లల ముద్ద కలపడానికి తీపి ఈగ ఇంకెక్కడో తెచ్చుకోవాలి. అమెజిల్లాకు పొడవాటి నాలుక ఉంది కాబట్టి గొట్టపు పూలు ఇష్టం: తుమ్మి, తులసి, నువ్వు. గట్టు మీద తుమ్మిని కలుపని పీకేసి, తర్వాత పూలమొక్కల ప్యాకెట్లు కొనేవాళ్ళున్నారు! వెంపలి, గిలిగిచ్చ, జనుము ఉంటే ఇంకా మంచిది. తంగేడు బతుకమ్మకు కోసుకున్నా పొదను మొదలంటా నరకొద్దు, వణికించి తీసుకునే పుప్పొడి వీటికి అక్కడ బాగా దొరుకుతుంది. ఎండాకాలం ఖాళీని మునగ, కానుగ కొంత పూడుస్తాయి. ఇవన్నీ గూటి ముక్క మీద కాకుండా, దానికి వంద, రెండొందల మీటర్ల లోపు ఎక్కడున్నా సరే. గూటి ముక్క మీద పూలమొక్కలు నాటి నీళ్ళు పోస్తే గూళ్ళను మీరే ముంచినట్టు.

మందుల దగ్గర ఎక్కువమంది ఆకు మీద కొట్టే పిచికారీ గురించే ఆలోచిస్తారు. నేలలో గూడు పెట్టే ఈగకు అంతకన్నా ప్రమాదం నేలలో పోసేది. కెనడాలోని ఒంటారియోలో గుమ్మడి జాతి పంటల మీద బతికే ఒంటరి ఈగను పరిశీలించి 2021లో ప్రచురించారు. విత్తేటప్పుడు మట్టిలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వేసిన చోట గూళ్ళు 85 శాతం, పిల్లలు 89 శాతం తగ్గాయి. కాబట్టి నారు ముంచే ద్రావణం, మొక్క మొదట్లో పోసే ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ తప్పనిసరి అయితే తప్ప వాడకండి. డ్రిప్పు ద్వారా అయితే గట్టు పక్క సాలుకు వాల్వు కట్టేయండి. చెదలకని గట్టు మీద క్లోరిపైరిఫాస్ పోస్తే మాత్రం ఆ గట్టు గురించి ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగుకు భయపడి పదేపదే కొట్టడమే అసలు చిక్కు. వాడిపోయిన కొమ్మ కొసల్ని వారం వారం తుంచి పొలం బయట కాల్చేయండి, ఎకరాకు 40 లింగాకర్షక బుట్టలు పెట్టండి. పక్కవాళ్ళు కూడా చేస్తే ఫలితం బాగుంటుంది. 5 శాతం వేపగింజల కషాయం, అంటే 100 లీటర్లకు 5 కిలోల గింజల పొడి, తొలి దశలో పనికొస్తుంది. కొట్టక తప్పని మందు పొద్దుగూకాక కొట్టండి, ఆడ ఈగలు గూటికి చేరి ఉంటాయి. అయితే మగవి గట్టు గడ్డి మీదే వేలాడుతుంటాయని పైన చెప్పాను కదా, గట్టు వైపు ఆఖరు రెండు సాళ్ళలో నాజిల్ లోపలికి తిప్పుకోండి, గాలి గట్టు వైపు ఉన్న పూట ఆపేయండి. తామర పురుగులకు పెట్టే నీలం జిగురు అట్టలు ఈ ఈగల్నీ లాగుతాయి. గూళ్ళకు దూరంగా, మొక్క ఎత్తు మించకుండా కట్టండి, ఈగలు అంటుకుంటుంటే తీసేయండి.

దిబ్బ బాగున్నా ఈగలు తగ్గితే ముందు తడి చూడండి. డ్రిప్పు జాయింటు దగ్గర సన్నటి కారుడు చాలు, గదుల్లో పుప్పొడి ముద్దకు బూజు పట్టడానికి. తర్వాత కోళ్ళు. పొద్దంతా కెలికి ఒక్క సీజనులో దిబ్బను చదును చేస్తాయి. రెండంగుళాల కంతల కోళ్ళ జాలీ నేలకు జానెడు ఎత్తున పరిస్తే ఈగలు హాయిగా దూరిపోతాయి, కోళ్ళు కెలకలేవు. పశువులు పొడి నేల మీద నడిచి వెళ్తే పెద్ద నష్టం లేదు, గడ్డి పెరగకుండా మేలే చేస్తాయి. తడినేల మీద తొక్కితే సొరంగాలన్నీ పూడుకుపోతాయి. నల్లటి ఒంటి మీద చారలకు బదులు నీలి మచ్చలతో, కాళ్ళకు పుప్పొడి లేకుండా గూళ్ళ చుట్టూ తిరిగే అందమైన ఈగ థైరియస్. అమెజిల్లా గదిలో దొంగచాటుగా గుడ్డు పెడుతుంది. దాన్ని చంపాలనిపిస్తుంది, చంపకండి. అది ఉందంటే గూళ్ళు సరిపడా ఉన్నట్టే.

లెక్క పెట్టకుండా పెరిగాయో తగ్గాయో చెప్పలేం. గుంపు మధ్యలో మీటరు చదరం తాడు కట్టి, ఎండ ఉన్న రోజున, వారానికి ఒకసారి, ఒకే వేళకు, 15 నిమిషాల్లో పుప్పొడితో లోపలికి వెళ్ళిన ఈగల్ని లెక్కించి గోడ క్యాలెండరు మీద రాయండి. రంధ్రాల సంఖ్యను నమ్మొద్దు, పాత రంధ్రాలు నెలల తరబడి తెరిచే ఉంటాయి. ఒక ఏడు తగ్గితే కంగారు పడకండి, వానల్ని బట్టి ఊగుతుంటాయి. మూడేళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

ట్రాక్టరు దారి గురించి. మీది దక్షిణపు గట్టు కాబట్టి దాని దక్షిణ వాలు ఈగలకు అన్నిటికన్నా విలువైన ముక్క. దారిని ఉత్తరపు గట్టుకు మార్చగలిగితే సమస్యే లేదు. మార్చలేకపోతే గట్టును పొలం లోపలి వైపు వెడల్పు చేయండి, బయటి వాలు ముట్టుకోవద్దు, కంకర ఆ వాలు మీదికి దొర్లకుండా అంచున ఒక వరస బండలు పేర్చండి. ఉపాధి పనుల్లో చేయిస్తుంటే కొలతలు వేసే రోజునే మేటుకు ఆ ముక్క చూపించి రాళ్ళు పాతించండి, పని మొదలయ్యాక ఎవరూ వినరు. ఏదీ కుదరక గట్టు పోవడం ఖాయమైతేనే ఆఖరి మార్గం: ఈగలు తిరగని నెలల్లో, నేల చెమ్మగా ఉన్నప్పుడు, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు పెళ్ళలుగా పదునైన పారతో కోసి, పైముఖం పైనే ఉండేలా రేకు మీదకు జరిపి, అదే రోజు కొత్త దిబ్బలో అదే లోతు గుంటల్లో దించి సందుల్ని సన్నమట్టితో నింపండి. చౌడునేల ఈగల్ని అమెరికా రైతులు అలాగే కొత్త నేలలకు తరలించేవారు. పెళ్ళ విరిగితే అందులో గదులు తెరుచుకుని చీమలకు దొరుకుతాయి, కాబట్టి గంపల్లో ఎత్తి పోయకండి, ఇద్దరు మనుషులు రేకుతోనే మోయాలి.